వీపు మీద ఐదు వీశెల బెల్లం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, నా కూతురికి ఐదో ఏడు నడుస్తుండగా, నాకు ఒక సంచి కావలసి వచ్చింది. రెండు భుజాలకూ తగిలించుకుని వీపు మీద మోసే సంచి. అటువంటిది మా ఆళ్ళగడ్డలో నాకు తెలిసిన ఏ ఇంట్లోనూ లేదు. మా వైపు ఆడవాళ్ళం ఏది మోసినా తల మీదే మోస్తాం. నీళ్ళ కడవ, పేడ తట్ట, సంగటి గంప, చొప్పకట్ట అన్నీ తల మీదే. వీపు మీద మోసేవి ఎద్దులూ గాడిదలూ.

సంచి సంగతి చెప్పాలంటే ముందు మొక్కు సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు పిల్లకు జ్వరం వచ్చి మూడు వారాలు దిగలేదు. ఒక పగలు దాని కళ్ళు పైకి తేలిపోయాయి. గోడకున్న నరసింహస్వామి పటం ముందు పడి నేను అరిచాను. "సామీ, ఐదు వీశెల బెల్లం నా ఒంటి మిందనే మోసుకోని జ్వాలా నరసింహుని కాడికి వస్తా. ఆడ్నే పానకం కలిపి పోస్తా. నా బిడ్డను నాకియ్యి!" ఆ మాట నాతోపాటు విన్నది మా అత్త. ఐదు వీశెలంటే ఇప్పటి లెక్కలో దాదాపు ఏడు కిలోలు. నాలుగు రోజులకు జ్వరం దిగింది.

నేను కొండకు పోలేదు. మొదటి ఏడు పత్తి తీతలని చెప్పాను, రెండో ఏడు కాలు బెణికిందని చెప్పాను. నిజం ఏమిటంటే నాకు భయం. దిగువ అహోబిలానికి మా ఊరివాళ్ళందరూ పోతారు. ఎగువ అహోబిలానికీ చాలామంది పోతారు. జ్వాలా నరసింహుడు ఆ ఎగువకు కూడా పైన, నల్లమల అడవిలో, కొండ చరియ కింద ఉంటాడు. వాగులో బండల మీద కాలు పెట్టి పోవాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న దారిలో నడవాలి. నేను నల్లరేగడి మీద పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఒకసారి గడ్డివామి ఎక్కి, కిందికి చూసి, దిగలేక గడ్డిని రెండు చేతులా పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే పడుకున్నాను. మా నాయన నిచ్చెన వేసి భుజాన వేసుకుని దింపాడు. దిగాక కూడా నా పిడికిళ్ళు విడలేదట.

ఆ ఏడు కార్తీకం పోయాక పిల్లకు మళ్ళీ జ్వరం వచ్చింది. మా అత్త పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి ఒకే మాట అంది.

"సామి అడుగుతాండాడు."

పోకపోతే బిడ్డ దక్కదు. పోతే, కొండకు పోయి వచ్చే మూడు నాలుగు రోజుల్లో బిడ్డకు ఏమైనా అయితే? పొయ్యి ముందు కూర్చున్నా, బావి దగ్గర నిలబడినా ఇవే రెండు భయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి.

మా అక్కను పిలిపించుకున్నాను. తన భర్త చనిపోయిన ఏడాది అక్క జ్వాలా నరసింహుని దాకా వెళ్ళి వచ్చింది. మా ఇద్దరిలో దేనికీ జంకనిది ఆమే. నేను గంప దించి తుడుస్తుంటే చూసి అడిగింది.

"ఏందిమే, గంపలో పెట్టుకోని పోతావా?"

"మరి యాడ పెట్టుకోవాల?"

"ఆడ బండలు పట్టుకోని పాకాల. ఒగ చెయ్యి గంపకు పెడితివంటే ఇంగొగ చేత్తో ఏం పట్టుకుంటావ్? నెత్తిన గంప ఉంటే కాళ్ళ కిందికి చూడలేవు. గంపా నువ్వూ మడుగులో ఉంటారు."

"మూట కట్టి సంకకు తగిలించుకుంటా."

"ఒగ పక్కకు గుంజుతాది. వీపుకు కట్టుకోవాల. రెండు చేతులూ ఖాళీగా ఉండాల. చెంచోళ్ళు తేనె మోసుకోని దిగేది నేను కండ్లారా చూసినా."

మా అత్త లోపలి నుంచే కేకేసింది. "మొక్కు బరువు నేల తగలగూడదు. ఇంగొకరి చెయ్యి తగలగూడదు. అది గుర్తు పెట్టుకోండి ఇద్దురూ!"

రెండు రోజులకు పిల్లను నంద్యాల డాక్టరుకు చూపించడానికి బస్సెక్కాం. నా భర్త పిల్లను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. డాక్టరు నాలుక చూశాడు, కడుపు నొక్కాడు. పాత జ్వరమే తిరగబెట్టిందని, మంచం దిగనీయవద్దని చెప్పాడు. కాంపౌండరు మందు కలిపి ఇచ్చేసరికి చాలా పొద్దు పడుతుందన్నారు. పిల్లను నా భర్త దగ్గర వదిలి నేను బజారుకు పరుగెత్తాను.

గుడ్డ సంచుల అంగడిలో ఉన్నవన్నీ చేతికి తగిలించుకునేవే. ట్రంకు పెట్టెల అంగడివాడు నేను చెప్పింది అర్థంకాక నవ్వాడు. చెప్పులు కుట్టే ఒకాయన విని, చేసిస్తానన్నాడు. తోలుతో చేస్తాడట. తోలు సంచిలో స్వామికి బెల్లం ఎట్లా మోస్తాను? దణ్ణం పెట్టి వచ్చేశాను. చివరికి పాత సామాన్లు అమ్మే సాయిబు ఒకాయన దగ్గర, తుప్పు పట్టిన లాంతర్ల పక్కన, ఖాకీ రంగు సంచి ఒకటి వేలాడుతూ కనిపించింది. రెండు పట్టీలు, ఇత్తడి కొక్కేలు.

"ఇదేందన్నా?"

"మిలిటరీ సంచమ్మా. సిపాయిలు వీపుకేసుకుంటారు. దుప్పటి, రొట్టె, గుండ్లు అన్నీ దీంట్లోనే. గట్టిది. బర్మా దాకా పోయొచ్చింది."

వేసుకుని చూడమన్నాడు. వేసుకున్నాను. భుజాలకు బాగా కుదిరింది. దారిన పోయేవాడెవడో ఆగి, "ఏందమ్మా, పల్టన్లో చేరతాండావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తొందరగా తీసి, మూత ఎత్తి లోపల చూశాను. మడతలో సిరాతో రాసిన అక్షరాలు కొన్ని ఉన్నాయి. వాటి పక్కన అరచేయంత నల్లటి మరక. అప్పటికి నాకు చదువు రాదు. నలభై దాటాక గదా ఈ అక్షరాలు నా చేతికి వచ్చింది. అది ఎవరిదో పేరు అయి ఉంటుందని మాత్రం తోచింది.

"అన్నా, దీన్ని మోసినాయన కూడా వచ్చినాడా?"

"ఏందమ్మా?"

"సంచి పోయొచ్చింది సరే. మోసినాయన తిరిగొచ్చినాడా అని."

ఆయన నవ్వబోయి ఆగాడు. "అది నాకెట్ల తెలుస్తాదమ్మా? మూటలు మూటలుగా కొన్నాం, అమ్ముతాండాం."

పదకొండు రూపాయలన్నాడు. బేరమాడితే తొమ్మిదికి దిగాడు. మందుకు పోగా మా దగ్గర ఉన్న దుడ్లు బస్సుకు సరిపోతాయి, అంతే. కానీ దుడ్లు ఉన్నా నేను దాన్ని కొని ఉండేదాన్ని కాదు. ఆ మరకను వీపుకు తగిలించుకుని, బిడ్డ ప్రాణం కోసం, దేవుడి దగ్గరికి ఎట్లా పోను? చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ డాక్టరు ఇంటికి తిరిగి వచ్చాను. పిల్ల నా భర్త భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దాని ఊపిరి వేడి నాకు అడుగు దూరం నుంచే తెలిసింది.

ఆళ్ళగడ్డకు తిరిగొచ్చాక అక్కే దారి చూపించింది. మా ఊళ్ళో ఒక ముసలాయన పెరికెలు కుట్టేవాడు. పెరికెలంటే ఎద్దు వీపుకు అటూ ఇటూ వేలాడే జంట గోనెసంచులు. బండి పోలేని అడవి పల్లెలకు ఉప్పూ జొన్నలూ వాటిలోనే పోయేవి. ఆయన అరుగు మీద కూర్చుని దబ్బనంతో గోనె కుడుతున్నాడు.

"ఎవరికమ్మా? ఎద్దుకా, గాడిదకా?"

"నాకే తాతా."

దబ్బనం ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీకా? ఎన్ని కాళ్ళు నీకు?"

"రెండే తాతా," అంది అక్క. "అందుకే చిన్నది కుట్టు."

"నవ్వులాట కాదు పాపా. ఎద్దుకైతే కంటితోనే కొలత పట్టేస్తా. మనిషికి ఏ పొద్దూ కుట్టలేదే." తర్వాత లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "ఏమే, తాడు తీసుకోని రా. ఈ యమ్మ కొలత నువ్వు పట్టాల."

ఆ ముసలామె నా మెడ దగ్గర నుంచి నడుం దాకా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా తాడు పెట్టి ముళ్ళు వేసింది. తాడు పట్టీలైతే భుజం కోస్తాయని, మంచం నవారు ఉంటే తెమ్మని ఆయన చెప్పాడు. మా అత్త మంచానికి మిగులు నవారు ఉంటే కోసుకొచ్చాను. రెండో రోజుకు సంచి తయారయింది. గోనెకూ పనికీ కలిపి రూపాయిన్నర తీసుకున్నాడు. ఇస్తూ అడిగాడు.

"బరువు ఎట్ల సర్దాల్నో తెలుసునా?"

"పుట్టింది మొదలు మోస్తానే ఉండాం గదా తాతా," అన్నాను.

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. పిల్ల ఎట్లా ఉందోనని నేను అప్పటికే వీధిలో ఉన్నాను.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగా పిల్లకు జ్వరం అంతే ఉంది. నా భర్త తడిగుడ్డ పిండుతూ తలెత్తకుండా అన్నాడు.

"బిడ్డ ఈడ కాలిపోతాంటే నువ్వు కొండకు పోతావా?"

"పోకుంటే ఏమైతాదో?"

"పోతే ఏమైతాదో?"

మా అత్త, "నేనుండా, పోయిరా," అంది. పిల్లను ముట్టుకుంటే కదలలేనని, గడప అవతలి నుంచే చూసి, అక్కతో కలిసి బండెక్కాను.

ఆ రోజు బండిలో దిగువ అహోబిలం చేరాం. మొక్కు నడక అక్కడి నుంచే గనుక, మరునాడు పొద్దున పూజ చేయించి, సంచి నా వీపుకు ఎక్కించుకున్నాను. ఆ పగలు నడిచి ఎగువ అహోబిలం చేరాం. దారి చాలావరకు చదును గనుక బరువు లాగుతున్నా ఓర్చుకున్నాను. ఆ రాత్రి సంచిని నేల తగలకుండా మంటపం స్తంభానికి నేనే కట్టాను, కోతులు ముట్టకుండా అక్క కాపలా కాసింది. మూడో రోజు పొద్దున్నే అసలు కొండ. దారి చూపడానికి చెంచు పెద్దాయన ఒకాయన కుదిరాడు. భుజాన విల్లు, మొలకు కత్తి. వెనక్కి చూడకుండా పోతాడు, కానీ మేము ఆగితే ఆయనకు ఎట్లా తెలుస్తుందో, ఆయనా ఆగుతాడు.

వాగు మొదలయింది. నీళ్ళు తక్కువే, కానీ బండలు మనిషి ఎత్తున ఉన్నాయి. వాటి మధ్య నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. ప్రతి బండ ఎక్కినప్పుడూ ఎవరో వెనక నుంచి నా రెండు భుజాలూ పట్టి గుంజుతున్నట్టు ఉంది. మొదట అది నా భయమే అనుకున్నాను. రెండేళ్ళు ఆలస్యం చేసినందుకు స్వామే వెనక్కి నెడుతున్నాడేమో అనుకున్నాను. ఆ మాట అక్కతో కూడా అనలేదు. అంటే నిజమవుతుందని భయం.

ఒకచోట ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి కాలు చాచాలి. చాచాను. కాలు ఆనింది. ఒళ్ళు మాత్రం వెంట రాలేదు. వీపు మీది బరువు ఒక్కసారిగా కిందికి జారి నన్ను వెనక్కి వంచేసింది. నాకు ఆకాశం కనిపించింది. చేతులతో గాలిని పట్టుకున్నాను. అక్క అరుపు వినిపించింది. ఇంతలో చెంచాయన చెయ్యి వచ్చి నా ముందున్న నవారు పట్టీలను పట్టుకుని, దూడను గుంజినట్టు ముందుకు గుంజింది. నేను బండ మీద బోర్లా పడ్డాను. నోట్లోకి ఇసుక వచ్చింది. నా పిడికిళ్ళు రాయిని పట్టుకుని విడవడం లేదు.

ఆయన నా వెనక కూర్చుని సంచి అడుగు ఉబ్బిన తీరు చూశాడు.

"ఎవరు సర్దినారు దీన్ని?"

"నేనే."

"అడుగున ఏముండాది?"

"బెల్లం."

"పైన?"

"కోకలు. సద్ది."

"తలకిందులు!" అన్నాడు. "ఎనక్కి గుంజకేం చేస్తాది? బరువు పైనుండాల, నీ మెడ కాడ, వీపుకంటుకోని. గుడ్డలు అడుగున ఏసుకోవాల. ఈ పట్టీలేంది, ఇంత వదులు? బిగించు."

గంపలో ఎప్పుడూ బరువైనది అడుగునే పెడతాం. పైన పెడితే గంప తల మీద నిలవదు. ముప్పై ఏళ్ళు తల నేర్చుకున్న పనిని నేను వీపుకు కూడా అట్లాగే చేశాను. స్వామి నెడుతున్నాడనుకున్నది నేను సర్దిన బెల్లమే. ఆ సంగతి తెలిసి భయం తగ్గాల్సింది. తగ్గలేదు, ఎందుకంటే ఇప్పుడు సంచి విప్పి మళ్ళీ సర్దాలి. బెల్లాన్ని ఎక్కడ పెట్టాలి?

"నా చేతికియ్యి, పట్టుకుంటా," అంది అక్క.

"వద్దక్కా. ఇంగొకరు మోయగూడదు."

"మోసేదేంది? పట్టుకుంటానంతే."

"పట్టుకునేది మోసేది కాదా?"

"అయ్యో, మీ అత్త ఈడికొచ్చి చూస్తాదా?"

"సామి చూస్తాడు గదా."

చెంచాయన పకపకా నవ్వాడు. "మా అల్లుడు నాకు తెలీదా? అంత లెక్క చూసేటోడు కాదులే." ఆ స్వామి తమ ఇంటి పిల్లను చేసుకున్నాడని చెంచులు ఆయనను అల్లుడంటారు. ఈ చెంచాయనకు అల్లుడు. నాకు మాత్రం ఆ పూట నా బిడ్డ ప్రాణం చేతిలో పట్టుకుని ఉన్నవాడు. నేను ఒప్పుకోలేదు.

చివరికి బండ మీద చతికిలబడి చీర ఒడి పట్టాను. అక్క నా భుజాల నుంచి పట్టీలు మాత్రం తప్పించింది, సంచిని నేనే మోకాళ్ళ మీదికి తిప్పుకున్నాను. ఒక్కొక్క బెల్లం అచ్చూ నేనే తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఐదు వీశెలూ ఒళ్ళోకి చేరాయి. ఆరేడు నెలల పిల్లప్పుడు నా కూతురు ఇంతే బరువుండేది. ఆ తలపు వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు అది ఎవరి ఒళ్ళో ఉందో. కళ్ళు తెరిచి ఉందో లేదో.

"కానియ్‌మే," అంది అక్క మెల్లగా. "ఎండెక్కుతాంది."

కోకలు అడుగున వేసి, పైన బెల్లం వీపుకు ఆనేటట్టు సర్ది, పట్టీలు బిగించుకున్నాను. లేచి నిలబడితే అదే బరువు, కానీ నాతో పాటే నిలబడింది. ముందుకు వంగితే నాతో పాటే వంగింది. ఆ తర్వాత లోయ పక్క దారిలో నేను కొండకు అతుక్కుని, రెండు చేతులా రాయి తడుముకుంటూ, ఒక్కసారి కూడా కిందికి చూడకుండా నడిచాను. పైనుంచి నీటి తుంపర పడి దారి తడిగా ఉంది. ముందు నడుస్తున్న చెంచాయన మడమలు తప్ప ఆ దారిలో నేను ఏదీ చూడలేదు.

స్వామి దగ్గర పానకం కలిపేటప్పుడు తొందరపడి సగం నీళ్ళు బయట పోశాను. పూజారి కోరిక ఏమిటని అడిగాడు. అక్కే చెప్పింది. ఇచ్చిన తీర్థం తాగి, ఎక్కువసేపు నిలవకుండా దిగడం మొదలుపెట్టాం.

సంచి ఖాళీ. కాళ్ళు తేలిగ్గా పడాలి. కానీ పైకి పోయేటప్పటి కంటే ఎక్కువ భయం వేసింది. పోయేటప్పుడు, నేను మొక్కు తీర్చలేదు గనుక బిడ్డకు ఇట్లా ఉంది అనుకున్నాను. ఇప్పుడు తీరింది. ఇక నేను ఇవ్వవలసింది ఏమీ మిగల్లేదు. ఇప్పుడు కూడా జ్వరం దిగకపోతే ఎవరిని ఏమని అడగాలి?

పొద్దు కొద్దిగా వాలుతుండగా ఎగువ గుడి కనిపించింది. వాగు దాటే చోట, గుడి మెట్లకు ఇవతల, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని కొండ వైపే చూస్తున్నాడు. తలగుడ్డ లేదు. ఆ నిలబడే తీరు నాకు తెలుసు.

నా భర్త.

ఇంట్లో, పిల్ల మంచం పక్కన ఉండవలసిన మనిషి. పిల్లను వదిలి ఇంత దూరం ఎందుకు వస్తాడు? ఊరికే రాడు. దారి పక్క చెట్టు కాండం పట్టుకుని నిలబడిపోయాను. అక్క కూడా చూసింది. నా పక్కకు వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"పా," అంది.

"నేను రాను."

"ఈడ్నే ఉంటావా?"

"ఉంటా."

నేను దిగకపోతే ఆయన చెప్పలేడు. ఆయన చెప్పకపోతే ఇంకా ఏమీ కాలేదు. నిజంగానే అట్లా అనుకుని ఆ చెట్టును గట్టిగా పట్టుకున్నాను. ఆయన నన్ను చూశాడు. చెయ్యి ఎత్తలేదు. కేక వేయలేదు. వాగులో రాళ్ళ మీద తడబడుతూ మా వైపు రావడం మొదలుపెట్టాడు. దగ్గరికి వచ్చేకొద్దీ ఆయన ముఖం చూడలేక కళ్ళు మూసుకున్నాను. రాళ్ళ మీద చెప్పుల చప్పుడు, తర్వాత ఆయన ఊపిరి వినిపించాయి.

"దిగిందిమే," అన్నాడు. "జ్వరం దిగింది."

నేను కళ్ళు తెరవలేదు.

"రాత్రి చెమటలు పట్టినాయి. తెల్లారేకి ఒళ్ళు సల్లగా అయింది. నీకు చెప్దామని బాడుగ సైకిలు తీసుకోని దిగువ దాకా వచ్చి, ఆడ్నుంచి నడిచినా."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. రెండు చేతులా ఆయన ఛాతీ మీద కొట్టాను. "ఆడ్నుంచే ఒగ కేకెయ్యరాదా? నవ్వరాదా? సావు కబురు తెచ్చినోని మాదిరి ఏందా రావడం? తలగుడ్డ ఏమైంది?"

"చెమటకు తడిస్తే పిండి ఆరేసినా." ఆయన బిక్కమొహం వేశాడు. "కేకేస్తే భయపడతావేమోనని ఎయ్యలేదు."

అక్క పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను అక్కడే రాళ్ళ మీద కూలబడ్డాను. అయినా నమ్మకం కుదరలేదు. ఆడదాన్ని కొండ మీద కూలిపోకుండా ఇంటికి చేర్చడానికి మగవాళ్ళు ఇటువంటి మాటలు చెబుతారని నాకు తెలుసు.

"దాని మీద ఒట్టేయి."

"ఒట్టు. కండ్లు తెరిచి నువ్వు యాడికి పోయినావని అడిగింది."

"ఏం చెప్పినావ్?"

"మీయమ్మ సామికి బెల్లం మోసుకోని పోయిందని చెప్పినా."

"అప్పుడు?"

"అంతా ఆయనకేనా, నాకు రోంత కూడా పెట్టకుండా ఎత్తుకపోయిందా అని ఒగటే ఏడుపు. మా యమ్మ ఎంత సముదాయించినా ఇనదే."

జ్వరం దిగిందని ఎవరైనా అనగలరు. ఈ మాట మాత్రం నా కూతురు తప్ప ఇంకెవరూ అనరు, కల్పించి చెప్పడం నా భర్తకు రాదు. అప్పుడు లేచాను. ఇంటికి చేరి దాని వీపు మీద అరచెయ్యి ఆనించి చూసేదాకా, దారి పొడుగునా ఆ మాట ఆయనతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటూనే ఉన్నాను.